రొయ్యల తొట్టిలో తెల్ల పురుగులు

లిఫ్టులు బాగుచేసే అతనికి ఉన్న సరదా ఒక్కటే. హాల్లో కిటికీ పక్కన ఒక అద్దాల తొట్టి, అందులో గోరంత ఎర్ర రొయ్యలు. పగలంతా లిఫ్టు గోతుల్లో గ్రీజు పూసుకుని ఇంటికొచ్చి, నాచును తాపీగా గిల్లుకుతినే ఆ రొయ్యల ముందు కూలబడేవాడు.

ఒక సాయంత్రం అద్దం మీద దారప్పోగుల్లాంటివి తెల్లగా పాకుతూ కనిపించాయి. చదునైన పురుగులు, బాణం మొనల్లాంటి తలలు. చూస్తే రొయ్యపిల్లలు తగ్గాయి. నీళ్ళు మసకబారాయి. మూత తీస్తే కుళ్ళు వాసన.

"మందు ఇస్తాను గానీ, మేత ఎక్కువై అడుగున కుళ్ళితేనే ఇవి పెరుగుతాయి. ఎక్కువేస్తున్నారా?" అని అడిగాడు చేపల దుకాణం అతను.

"రోజు విడిచి రోజు, చిటికెడు. అంతే."

మందుకు పురుగులు చచ్చాయి. వాటితోపాటు తొట్టిలోని నత్తలూ చచ్చి, గుల్లల్లోనే కుళ్ళి నీళ్ళను మరింత పాడుచేశాయి. రొయ్యలు ఒక్కొక్కటే వెల్లకిలా పడ్డాయి. వాటిని చెంచాతో తీసి పారేస్తుంటే అతనికి కోపం కూడా రాలేదు. కోప్పడ్డానికైనా ఓపిక ఉండాలి కదా. కొన్నాళ్ళకు పురుగులు మళ్ళీ వచ్చాయి.

ఒంట్లో నలతగా ఉండి పనికి వెళ్ళని రోజున అసలు సంగతి తెలిసింది. అమ్మ గదిలోంచి వచ్చి, డబ్బా తెరిచి, గుప్పెడు మేత తొట్టిలో వేసి వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ వచ్చి వేసింది. ఈ మధ్య ఆమెకు మతిమరుపు బాగా ముదిరింది. మూడోసారి అతను చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడే వేశావుగా అమ్మా."

"నేనా? పొద్దుట్నుంచీ వాటి మొహం చూసిన దిక్కులేదు ఈ ఇంట్లో. పాపం, నోరులేని జీవాలు."

సాయంత్రం ఆఫీసునుంచి వచ్చిన భార్య విని, "డబ్బా బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. వంటా, ఉద్యోగమూ, అత్తయ్యా... నేనెన్నని చూడను?" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అలసటే ఉంది.

అలాగే చేశాడు. మర్నాడు అతను పనినుంచి వచ్చేసరికి ఇంట్లో సొరుగులన్నీ లాగి ఉన్నాయి. అమ్మ తొట్టి ముందు నిలబడి ఉంది.

"నేనేం తప్పు చేశాన్రా, వాటికింత తిండి పెట్టనివ్వట్లేదు?"

కోడలి పేరుకే తడుముకునే మనిషికి ఇది మాత్రం గుర్తుంది. అతను బీరువా తెరిచి డబ్బా తెచ్చి చేతికిచ్చాడు. భార్య అది చూసింది. బకెట్టు నిండా కుళాయి నీళ్ళు పట్టి, క్లోరిన్ వాసన పోయేదాకా ఉండనిమ్మని ఓ మూల పెట్టింది.

ఇప్పుడతను ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా సన్నటి గొట్టంతో అడుగున మిగిలిన మేతను లాగేస్తాడు. తీసినన్ని నీళ్ళు బకెట్లోంచి మెల్లగా పోస్తాడు. పురుగులు పోలేదు గానీ తగ్గాయి. రొయ్యలు ఏవో కాసిని మిగిలాయి.

నిన్న అమ్మ వెనకే వచ్చి నిలబడింది. "అంత చాకిరీ చేసొచ్చి మళ్ళీ ఈ పనేమిట్రా? పోయి ముద్ద తిను. వాటికి నేను వేస్తాలే."

"వెయ్యమ్మా," అన్నాడు, గొట్టం పైకి తీయకుండానే.