తొమ్మిదో గది సీసా

మంగళవారం మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి అన్సెల్మ్ సీసాలో వైన్ శనివారం ఎక్కడుందో అక్కడే ఉంది.

మార్సోలియే వాళ్ళ హోటల్లో ఎవరి సీసా వాళ్ళదే. మెడ దగ్గర గది నంబరు రాసిన కాగితం అంటిస్తారు. ఒక పూట మిగిలింది మరుసటి పూట అదే బల్ల మీదికి వస్తుంది. నాది పదకొండు, ఆయనది తొమ్మిది. అన్సెల్మ్ కూర్తాడో పూటకి గ్లాసున్నర తాగుతాడు. నలభై ఏళ్ళు ఇళ్ళ కప్పుల మీద పలకలు పరిచిన మనిషి, దేనికైనా కొలత ఉండాలంటాడు. పదకొండేళ్ళుగా ప్రతి ఆగస్టులోనూ ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. ఇప్పటికీ ఒకరినొకరు 'మీరు' అనే అనుకుంటాం.

ఆదివారం ఆయన ఎక్కడికో షికారు వెళ్ళాడనుకున్నాను. సోమవారం అడిగితే కడుపు బాగోలేదన్నారు. ఈరోజూ కుర్చీ ఖాళీయే.

హోటల్ యజమానురాలు సోలాంజ్ మార్సోలియే బల్లల మధ్య తిరుగుతోంది. అందరి బుగ్గలకూ బుగ్గ ఆనించి పలకరిస్తోంది. డెల్వా దంపతుల బల్ల మీద మిగిలిన రొట్టెముక్కలు అదే చేత్తో ఏరి, మా బుట్టలో వేసింది. ఒక ముక్క అంచున పంటి గాటు ఉంది.

"సోలాంజ్ గారూ, నా ఎదుటి కుర్చీ ఎప్పుడు నిండుతుంది?" అన్నాను.

"అబ్బో, మేడమ్ బెర్తోలాకి ఎదురుచూపులే!" అని పక్క బల్లకి వినబడేలా నవ్వింది. "అన్నం సయించడం లేదండీ. నేనే స్వయంగా సూప్ పట్టుకెళ్ళి ఇస్తున్నాను. సొంత నాన్నలా చూసుకుంటున్నాం."

"డాక్టర్ చూశాడా?"

"కడుపునొప్పికి డాక్టరెందుకండీ? మీరు తినండి, చల్లారిపోతోంది."

నేను సెంతెత్యెన్ పట్నంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి పిల్లలకి వండిపెట్టాను. సూప్ వయసు వాసన చూసి చెప్పగలను. ఆ సూప్‌కి మూడు రోజులు. శనివారం లీక్ ఉల్లికాడలు, ఆదివారం వాటిలో కలిపిన కేరట్, నిన్న పైన పోసిన పాలు, అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. చెంచా పక్కన పెట్టేశాను.

మరి అలాంటి చోటికి పదకొండేళ్ళుగా ఎందుకు వస్తున్నావు అంటారా? హోటల్ స్నానాల గదుల్లోకి భూమిలోంచి ఉబికి వచ్చే, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే వేడి ఊటనీళ్ళలో చేతులు పెడితే, కీళ్ళు పట్టేసిన నా వేళ్ళు ముడుచుకుంటాయి, తెరుచుకుంటాయి. మిగతా సంవత్సరమంతా నా చొక్కా గుండీ నేను పెట్టుకోగలుగుతాను. అందుకు వస్తాను. అందరూ అలాంటి ఏదో ఒకదానికి వస్తారు. మోకాలికొకరు, నడుముకొకరు. అన్సెల్మ్, డెల్వా దంపతుల్లో భర్త మిస్యే డెల్వా, ఇద్దరూ ఊపిరితిత్తుల కోసం వస్తారు, రోజూ ఆవిరి గదిలో కూర్చుంటారు. డాక్టర్ రాసిస్తాడు, ప్రభుత్వ బీమా ఖర్చు పెట్టుకుంటుంది. షరతు ఒక్కటే, పద్దెనిమిది రోజుల వైద్యమూ పూర్తి చెయ్యాలి. పదిహేడు చేసి మానేస్తే ఒక్కటీ చెయ్యనట్టే లెక్క. ఆ మంగళవారం మాకు పద్నాలుగో రోజు.

భోజనం చివర ఇచ్చే పండ్ల టార్ట్ వచ్చేలోపు లేచి మేడ ఎక్కాను.

తొమ్మిదో గదికి తాళం వేసి ఉంది. తలుపుకి చెవి ఆనించాను. లోపల్నుంచి తడి గుడ్డ చింపుతున్నట్టు దగ్గు వినిపించింది. తర్వాత మాట.

"నిచ్చెన పట్టుకోరా లూక్... జారుతోంది..."

లూక్ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. వాడు పోయి పాతికేళ్ళు.

ఆ అంతస్తులో ఏ తాళంచెవైనా ఏ తలుపుకైనా పడుతుంది. పాత తాళాలు, మార్చే ఖర్చు పెట్టలేదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు, నవ్వుకుంటూ ఉంటాం కూడా. నా గది తాళంచెవితోనే తెరిచాను.

ముందు వాసన కొట్టింది. కిటికీ మూసి, తెరలు లాగేసి ఉన్నాయి. బల్ల మీద వరుసగా ఐదు సూప్ గిన్నెలు, ఒక్కటీ ముట్టుకోలేదు. పాతవాటి మీద మీగడ కట్టి, ముడతలు పడి, ఒక ఈగ ఆ ముడతలో ఇరుక్కుపోయి ఉంది. దుప్పటి తడి. చెమట ఒక్కటే కాదు. మంచం పక్కన, ఊటనీళ్ళు తాగడానికి మాకందరికీ ఇచ్చే గీతల గాజు గ్లాసు ఉంది. దాంట్లో సగం దాకా కఫం. ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉంది.

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ తెరిచాను.

"అన్సెల్మ్ గారూ! నేను, ఓడెట్‌ని."

కళ్ళు నా మీదే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. నుదురు ముట్టుకుంటే పొయ్యి మీద పెనంలా ఉంది. పెదవుల అంచులు నీలం.

సూప్ గిన్నెల పక్కన ఆయన వైద్యం కార్డు ఉంది. ప్రతి స్నానానికీ, ప్రతి ఆవిరి పూటకీ స్నానాల గదిలో ఒక ముద్ర వేస్తారు. శనివారం ఉదయం ముద్ర ఉంది. అది సరే. ఆదివారం స్నానాలకి సెలవు. సోమవారం ముద్ర ఉంది. ఇవాళ్టి ముద్ర కూడా ఉంది.

లేవలేని మనిషి ఆవిరి గదిలో కూర్చున్నట్టు ముద్ర వేశారు.

"మేడమ్ బెర్తోలా."

గుమ్మంలో తిబో. సోలాంజ్ కొడుకు, స్నానాల గదులన్నీ చూసుకునేది అతనే. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. తెల్లటి చెప్పులు, తెల్లటి బట్టలు. చేతులు బ్లీచింగు వాసన కొడుతున్నాయి.

"మీరు ఈ గదిలోకి రాకూడదు కదండీ."

"నువ్వు తాళం వెయ్యొచ్చా?"

"ఆయన రాత్రి లేచి మెట్లమీద పడబోయాడు. ఆయన మంచి కోసమే."

"ఈ ముద్ర కూడా ఆయన మంచి కోసమేనా?"

"మరి? బాగయ్యాక రోజులు తగ్గాయని ఆయనే ఏడుస్తాడు." అతను తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు. "చూడండి, మీరు అర్థం చేసుకునే మనిషి. గురువారం లాబ్ నుంచి కాగితం వచ్చింది. ఆవిరి గొట్టాల్లో క్రిములున్నాయట. కొంచెమే. రెండు రాత్రులు మరిగే నీళ్ళు వదిలాను, బ్లీచింగు పోశాను. ఇప్పుడు అద్దంలా ఉంది."

"గురువారం తెలిస్తే శుక్రవారం ఆయన్ని ఆవిరి గదిలో ఎందుకు కూర్చోబెట్టావు?"

అతను కిటికీ మూయబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"డాక్టర్‌ని పిలువు."

"పిలిస్తే ఆయన పైవాళ్ళకి చెప్పి తీరాలి. వాళ్ళొస్తే ఆ గంటలోనే మూత. అప్పుడు మీ పద్నాలుగు రోజులూ గంగలో కలిసినట్టే. మీవే కాదు, నలభై మందివీ. ఇంకో నాలుగు రోజులు. శనివారం అందరూ వెళ్ళగానే నేనే అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాను. అమ్మ మీద ఒట్టు."

అతన్ని అప్పుడే పక్కకి తోసి కిందికి పరిగెత్తానని రాస్తే బాగుంటుంది. పరిగెత్తలేదు. ఆ గ్లాసు కడిగాను. ఆయన మొహం తుడిచాను. చెంచాతో నీళ్ళు పోస్తే సగం బయటికే వచ్చాయి. దుప్పటి మార్చమని తిబోకి చెప్పాను, అతను నోరు మూసుకుని మార్చాడు. అప్పుడు, ఆలోచించుకోవాలని నాకు నేను చెప్పుకుని, కిందికి వెళ్ళి నా బల్ల దగ్గర కూర్చున్నాను. రేగుపండ్లంత చిన్న పసుపు ప్లమ్‌ల టార్ట్ నాకోసం ఉంచారు.

తిన్నాను. మొత్తం తిన్నాను. నాలుగు రోజులే కదా, గట్టి మనిషి, తట్టుకుంటాడు అనుకుంటూ తిన్నాను. నా వేళ్ళు చెంచా చుట్టూ ఎంత బాగా ముడుచుకున్నాయో చూసుకుంటూ తిన్నాను.

కాఫీ దగ్గర డెల్వా దంపతులు పిలిచారు. లిల్ పట్నం నుంచి వస్తారు. భార్యకి మోకాళ్ళు, భర్తకి ఉబ్బసం. ఒక్కదాన్నే మోయలేక వాళ్ళకి చెప్పేశాను. తాళం, ముద్ర, లాబ్ కాగితం, అన్నీ.

మేడమ్ డెల్వా కప్పు కింద పెట్టింది. "అయ్యో పాపం. పెద్దాయన."

"డాక్టర్‌ని పిలవాలి" అన్నాను.

"తప్పకుండా పిలవాలి" అంది. భర్త వైపు చూసింది. "కానీ... ఇవాళేనా?"

"ఎందుకంటే చూడండి," మిస్యే డెల్వా ముందుకు వంగాడు, "మనకి నాలుగు రోజులే ఉన్నాయి. ఆయన గట్టి మనిషి, తట్టుకుంటాడు. పైగా ఒంటరివాడు, అడిగే..."

దగ్గొచ్చింది. జేబురుమాలు నోటికి పెట్టుకుని దగ్గాడు. తడి గుడ్డ చింపుతున్నట్టు ఉంది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, వాక్యం పూర్తి చేశాడు.

"...అడిగేవాళ్ళు లేరు కదా."

ఆ 'గట్టి మనిషి, తట్టుకుంటాడు' మాటకి మాట నాదే. నా నోట్లోంచి తీసి, నమిలి, తిరిగి నా పళ్ళెంలో ఉమ్మినట్టు అనిపించింది.

"మీరు దగ్గుతున్నారు" అన్నాను.

"గాలి మార్పు."

"ఇవాళ ఆవిరి గదిలో కూర్చున్నారా?"

"ఇరవై నిమిషాలు. ఎందుకు?"

లేచాను. ఆ లోయలో సెల్‌ఫోన్ పనిచెయ్యదు. ఉన్న ఫోనల్లా హోటల్ ముందుగదిలో, సోలాంజ్ బల్ల మీద. నేను చెయ్యి చాచేసరికి ఆవిడ చెయ్యి రిసీవర్ మీద పడింది. తిబో అప్పటికే చెప్పేశాడన్నమాట.

"ఎవరికి చేస్తున్నారు ఓడెట్?" పదకొండేళ్ళలో మొదటిసారి పేరు పెట్టి పిలిచింది.

"పదిహేనుకి." మా దేశంలో ప్రాణం మీదికొస్తే తిప్పే నంబరు అది.

"మా అత్తగారి కాలం నుంచి నడుస్తున్న ఇల్లు ఇది. మీ ఆయన పోయిన ఏడాది మీకు కిటికీ ఉన్న గది ఉచితంగా ఇచ్చానే! కూర్తాడో గారి పుట్టినరోజుకి కేకు చేశానే! ఇంట్లో మనుషుల్లా చూసుకున్నందుకు ఇదా?"

"ఇంట్లో మనిషికైతే తాళం వేసేదానివా?"

"నా కొడుకు జైలుకెళ్తాడు!"

"తియ్యి చెయ్యి."

తియ్యలేదు. ఆవిడ చెయ్యి వెచ్చగా, మెత్తగా, వెన్న రాసుకున్నట్టు జిడ్డుగా ఉంది. ఆ చేతిని ముట్టుకోవడం నాకు ఆ గ్లాసు కడగడం కంటే కష్టమైంది. వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని పైకెత్తాను. ఆ నీళ్ళ చలవే, నా పట్టు గట్టిగానే ఉంది.

అంబులెన్స్ ముప్పావుగంటలో వచ్చింది. అన్సెల్మ్‌ని స్ట్రెచర్ మీద దించుతుంటే అందరూ మెట్ల పక్కన నిలబడ్డారు. మధ్యాహ్నం స్నానాలకి తయారై, తెల్లటి తువ్వాలు అంగీల్లో, వరుసగా ఉన్నారు. వెంట వచ్చిన డాక్టరమ్మ తిబోని రెండు ప్రశ్నలు అడిగింది. అతను రెండో ప్రశ్నకే కూలబడి లాబ్ కాగితం తెచ్చిచ్చాడు. ఆవిడ చదివి, స్నానాల గది తలుపు తన చేత్తో మూసింది.

"ఇంకెవరికైనా దగ్గుందా?" అని అడిగింది.

మిస్యే డెల్వా పెదవులు బిగించి నేలవైపు చూశాడు. నేను వేలెత్తి చూపించాను. భార్య నన్ను చూసిన చూపు ఉమ్మిన దానితో సమానం.

"మరి మా రోజుల సంగతి?" వెనకనుంచి ఎవరిదో గొంతు. "పద్నాలుగు అయిపోయాయి కదా! వాటిని ఎవరిస్తారు?"

ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. నెల ముందే సెలవు పెట్టామన్నారు, మళ్ళీ గదులు దొరకవన్నారు. స్ట్రెచర్ వాళ్ళ మోచేతుల మధ్యనుంచి వెళ్ళింది. అందులో ఉన్న మనిషి బతుకుతాడా అని అడిగిన వాళ్ళు లేరు.

బతికాడు. ఇంకో రోజు ఆగి ఉంటే బతికేవాడు కాదని జిల్లా ఆసుపత్రిలో చెప్పారు. ఆదివారం చూడటానికి వెళ్ళాను. ముక్కులో గొట్టం, గెడ్డం పెరిగింది, కళ్ళు మాత్రం తెలివిగా ఉన్నాయి. రెండు మంచాల అవతల మిస్యే డెల్వా నిద్రపోతున్నాడు. నిద్రపోతున్నట్టు ఉన్నాడు.

జరిగిందంతా చెప్పాను. ఏదీ దాచలేదు, టార్ట్ కూడా. అన్సెల్మ్ కిటికీలోంచి ఎదుటి ఇంటి కప్పు చూశాడు.

"సోలాంజ్ వచ్చి వెళ్ళింది నిన్న" అన్నాడు.

"ఏమంటుంది?"

"ఏడ్చింది. పాపం, ఒక్కత్తీ ఎన్నని చూసుకుంటుంది? వసంతానికి తెరవనిస్తారట, గొట్టాలు మారుస్తున్నారు." గొట్టం కింద చిన్నగా నవ్వాడు. "తొమ్మిదో గది నాకే ఉంచమన్నాను. మీ పదకొండు కూడా అడిగాను. మీ మీద కోపం ఉంది గానీ, ఇస్తానంది."

"మీకు తాళం వేసింది అన్సెల్మ్ గారూ. ముడతలు కట్టిన సూప్ పెట్టి, తాళం వేసింది."

"వేసింది" అన్నాడు. "అయితే మటుకు, ఈ వయసులో కొత్త చోటు ఎక్కడ వెతుక్కుంటామండీ? అక్కడ నన్ను ఎరుగుదురు."

నా చేతి మీద చెయ్యి వేశాడు. నేను లాక్కున్నాను. అనుకుని చెయ్యలేదు, చీకట్లో బల్లి తగిలినట్టు దానంతట అదే వెనక్కి వచ్చేసింది. ఆయనకి అర్థం కాలేదు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. బస్సుకి టైమైంది" అన్నాను.

బస్సుకి ఇంకా గంట ఉంది. వరండాలో కుళాయి కనిపిస్తే ఆగి, మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కున్నాను. నీళ్ళకి ఏ వాసనా లేదు. వేళ్ళు అప్పుడే బిగుసుకుంటున్నాయి. పదకొండో గదికి నేను ఇక వెళ్ళను. వచ్చే ఆగస్టుకి గుండీ పెట్టుకోవడానికి ఎవరినైనా బతిమాలుకోవాలి.