ఓరిన్ కోశాడు

మా లోయలో ఓరిన్ హేజెల్టైన్ గడ్డి కోసేదాకా ఎవరూ కొయ్యరు. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఆయన నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పింది లేదు. మా వంటింటి కిటికీలోంచి ఆయన పైచేను కనిపిస్తుంది. అందులో కోతయంత్రం తిరిగిందంటే మూడు రోజులు ఎండ ఖాయమని మా ఆయన లూసియాన్ నమ్మకం. ఆదివారం చర్చిలో పాదిరి మాటను కూడా అంత గట్టిగా నమ్మడు.

పోయి అడగొచ్చుగా అంటారేమో. అడగరు. గడ్డి సంగతి పక్క రైతును అడగడమంటే తనకు చేతకాదని ఒప్పుకోవడం. పైగా రేపు తడిస్తే ఆ పాపం ఆయన నెత్తిన రుద్దినట్టవుతుంది. చూడొచ్చు, అడగకూడదు. మా వెర్మాంట్ మగవాళ్ళు చాలా విషయాల్లో ఇంతే.

ఆ ఏడు మే ఆఖరులో మొదలైన వాన జూన్ మూడో వారం వచ్చినా వదల్లేదు. ఒక పూట ఎండ, రెండు పూటలు జల్లు. గడ్డి నడుమెత్తు పెరిగి కంకులు తొడిగింది. ఒక్కో రోజు ఆలస్యమయ్యేకొద్దీ కాడ ముదిరి కర్రలా అవుతుంది. ముదిరిన గడ్డి తిన్న ఆవు కడుపు నిండుతుంది గానీ పొదుగు నిండదు.

మాకు పద్దెనిమిది జెర్సీ ఆవులు. నిరుడు ఇరవై నాలుగు ఉండేవి. నిరుడు మొదటి కోత మొత్తం చేలోనే కుళ్ళిపోతే, చలికాలం మేపలేక ఆరింటిని అమ్ముకున్నాం. మా పాలు కొండవతల చీజు చేసే ఆవిడ తీసుకుంటుంది. ప్లాస్టిక్ చుట్టి పులియబెట్టిన మేత పెడితే మాగేటప్పుడు చీజు లోపల ఉబ్బి పగిలిపోతుందని, ఆ మేత తిన్న ఆవుల పాలు ముట్టదు. మిగతా లోయంతా తడిగడ్డికి ప్లాస్టిక్ చుట్టేసి గుండె మీద చెయ్యేసుకుని పడుకోగలదు. మాకు ఎండుగడ్డే గతి. ఈ కోత కూడా పోతే మంద మొత్తం పోయినట్టే. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు. అనకపోయినా అన్నం దగ్గర అదే కూర్చుని ఉండేది.

మంగళవారం ఉదయం ఏడింటికి లూసియాన్ కాఫీ కప్పు వదిలేసి లేచాడు.

"కోస్తున్నాడు! ఓరిన్ కోస్తున్నాడు, చూడు!"

చూశాను. పైచేలో ఎర్ర ట్రాక్టరు నెమ్మదిగా పోతోంది.

"రేడియోలో గురువారం వానన్నాడు, లూసియాన్. వందకి అరవై పాళ్ళట."

"అంటే నలభై పాళ్ళు రాదనేగా?"

"అరవై పెద్దదా, నలభై పెద్దదా?"

"ఆ రేడియోవాడు ఎప్పుడైనా గడ్డి కోశాడా? వాడింట్లో పచ్చిక కూడా ఇంకెవడో కోస్తాడు. ఓరిన్‌కి మోకాళ్ళు చెబుతాయి."

"ఓరిన్ మోకాళ్ళ మీద మన ఆవుల్ని నిలబెడతావా?"

"నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు తప్పాడు? చెప్పు."

లెక్కేసుకున్నాను. రెండుసార్లో మూడుసార్లో, అంతే. "సరే, సగమే కొయ్యి," అన్నాను. "ఏడెకరాలు కొయ్యి. మిగతా ఏడూ ఉండనీ."

ఊఁ అన్నాడు. మధ్యాహ్నానికి పద్నాలుగెకరాలూ పడుకోబెట్టాడు. నేను పాలగిన్నెలు కడిగి బయటికొచ్చి చూసేసరికి కొయ్యడానికి ఏమీ మిగల్లేదు. కింద రోడ్డు పక్క రెండు కుటుంబాలవాళ్ళూ కోసేశారు. గొర్రెదాటు అంటే ఇదే. ముందు గొర్రె ఎందుకు దూకిందో ఎవడికీ అక్కర్లేదు.

మంగళవారం ఎండ కాసింది. లూసియాన్ రోజంతా ఈల వేశాడు. బుధవారం ఎండ ఉంది గానీ గాలి లేదు. ఒళ్ళంతా జిడ్డు. అలాంటి రోజున గడ్డిని తిరగెయ్యాలి, కింది తడి పైకి తేవాలి. యంత్రం బయటికి తియ్యమన్నాను. లూసియాన్ కిటికీ దగ్గర నిలబడి పైచేనుకేసి చూస్తున్నాడు.

"ఓరిన్ తిరగెయ్యట్లేదు."

"అయితే?"

"అక్కర్లేదనేగా? ఎక్కువ కదిపితే ఆకు రాలిపోతుంది. సాయంత్రం గాలి వస్తుందని ఆయనకి తెలుసుంటుంది."

"ఆయన తుమ్మితే నువ్వూ తుమ్ముతావా?"

"కోలెట్, నువ్వు పాల సంగతి చూసుకో."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. మండినందుకే మాట్లాడకుండా లోపలికి పోయాను. నేనే పోయి ట్రాక్టరు ఎక్కాల్సింది. ఆ తప్పు నాది, ఇప్పటికీ నాదే.

సాయంత్రం గాలి రాలేదు.

గురువారం పదకొండింటికి పడమటి కొండ నెత్తిన మబ్బు లేచింది. అడుగున నల్లగా, అంచున తెల్లగా. చేలోకి పోయి గుప్పెడు గడ్డి మెలేశాను. ఎండినది పుటుక్కున విరగాలి. ఇది వంగింది, చేతికి చల్లగా తగిలింది. ఇంకొక్క పూట ఎండ కావాలి దానికి. ఒక్క పూట.

లూసియాన్ కట్టలు కట్టే యంత్రం తగిలించి తయారుగా ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

"కట్టి కొట్టం అటకెక్కించేద్దాం," అన్నాడు. "తడి పీల్చడానికి ఉప్పు చల్లుదాం పొరపొరకీ."

"తడిగడ్డి అటకెక్కించను."

"అంత తడేం లేదు."

"మెలేసి చూశాను. తడే."

"చేలో వదిలేస్తే మొత్తం పోతుంది! పద్దెనిమిదీ పోతాయి! తెలుస్తోందా నీకు?"

"అటకెక్కిస్తే వాటి నెత్తిమీద కాలుతుంది."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న తడిగడ్డి అటకెక్కించాడు. దగ్గరదగ్గరగా పేర్చిన తడిగడ్డి లోపల్లోపల ఉడుకుతుంది. ఎవరూ అగ్గిపుల్ల గియ్యక్కర్లేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం మేం అన్నాలు తింటుండగా అంటుకుంది. పదకొండు ఆవులు లోపలున్నాయి. ఆ అరుపులు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. లూసియాన్‌కి ఈ కథ తెలుసు. అందుకే తల దించుకున్నాడు.

"నేను ఓరిన్ దగ్గరికి పోతున్నా," అన్నాను.

"ఎందుకు?"

"అడగడానికి."

"అడగడానికా? కోలెట్, ఆగు, ఎవరన్నా చూస్తే..."

జీపు తీశాను. ఆయన పైచేను దాటుతుంటే చూశాను. గడ్డి మంగళవారం ఎలా పడిందో అలాగే ఉంది. ఎవరూ కదపలేదు, వరసలు పెట్టలేదు. కట్టే ఉద్దేశమే లేనట్టుంది.

ఓరిన్ వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఎండకి కమిలిన మెడ. గురువారం పదకొండున్నరకి ఆయన కూర్చుని ఉండటం నేనెప్పుడూ చూడలేదు. వెనక ఆయన కొట్టం నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాన్ల హోరు లేదు, గొలుసుల చప్పుడు లేదు.

"ఆవులేవి?" అన్నాను, పలకరింపు కూడా మరిచిపోయి.

"సోమవారం తెల్లారుతూనే లారీలొచ్చాయి. నలభై రెండూ పోయాయి."

"అమ్మేశారా?"

"మోకాళ్ళు రెండూ పోయాయమ్మాయ్. పొదుగు దగ్గర కూర్చుంటే మళ్ళీ లేవలేకపోతున్నా. ఓ రోజు గంటసేపు అక్కడే ఉండిపోయా, ఆవు నాకేసి జాలిగా చూసింది. ఇంక చాలనుకున్నా."

"మరి గడ్డెందుకు కోశారు?"

"నిలబడి ముదిరిపోతుంటే చూడలేకపోయా. చేతులు ఊరుకోలేదు. తడిస్తే తడుస్తుంది, నాకు తినే నోళ్ళు లేవుగా."

"మీరు కోశారని లోయంతా కోసింది!"

"కొయ్యమని నేను చెప్పానా?"

"మీరు చెప్పక్కర్లేదని మీకు తెలీదా?"

ఆయన కుర్చీలో ముందుకి వంగి అన్నాడు, కోపంగానే: "నలభై ఏళ్ళు. ఒక్కడంటే ఒక్కడు వసారా ఎక్కి 'ఏం ఓరిన్, ఏమనుకుంటున్నావు' అని అడగలేదు. కిటికీల్లోంచి చూశారు. అడగందే అమ్మైనా పెట్టదు. అడిగుంటే చెప్పేవాణ్ణి, గురువారం వాన ఖాయమని."

"ఇప్పుడడుగుతున్నా."

జేబులో పెట్టుకొచ్చిన గడ్డి తీసి ఇచ్చాను. మెలేశాడు, చెంపకి ఆనించుకున్నాడు, వాసన చూశాడు. మబ్బుకేసి చూశాడు.

"ఇంకో పూట కావాలి దీనికి. ఆ పూట లేదు. ఐదింటికి కురుస్తుంది." ఆగి అడిగాడు. "బుధవారం తిరగెయ్యలేదా?"

"మీరు తిరగెయ్యలేదుగా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "లూసియాన్ ఇంత గాడిదని నాకు తెలీదు."

"నాకు తెలుసు. ఓరిన్, మీ కొట్టం ఇవ్వండి."

"ఏం?"

"ఖాళీగా ఉంది. రెండు పక్కలా తలుపులున్నాయి, ఫ్యాన్లున్నాయి. కట్టలు పేర్చకుండా, పక్కకి తిప్పి, ఒకదానికొకటి తగలకుండా నిలబెడితే గాలి తగిలి ఆరుతాయి. మా అటక మీద అంత చోటు లేదు. ఇక్కడుంది."

ఆయన ముఖం బిగుసుకుపోయింది. "సోమవారం నుంచి ఆ తలుపు తియ్యలేదు నేను."

"తెలుసు."

"నీకేం తెలుసు?"

"నాకేం తెలీదు," అన్నాను. "మా పద్దెనిమిదీ పోతాయి. అంతవరకే తెలుసు నాకు. మీకు ఇష్టం లేదంటే ఇప్పుడే చెప్పండి, ఇంటికి పోయి వానలో నిలబడతాను."

కొండ వెనక ఉరిమింది. ఓరిన్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, సగంలో ఆగి, నావైపు చెయ్యి చాచాడు. లేపాను. కొట్టందాకా కుంటుకుంటూ వచ్చి తలుపు కడ్డీ తనే లాగాడు. లోపల సున్నం వాసన, ఆవుల వాసన. ఒక్కో ఆవు నిలబడే గాడి నెత్తిన ఒక్కో చెక్క ముక్క, దాని మీద సుద్దతో ఒక్కో పేరు. ఆయన ఎటూ చూడకుండా గోడ దగ్గరికి పోయి ఫ్యాన్ల మీట నొక్కాడు.

"నా గడ్డిబండి కూడా తీసుకుపో," అన్నాడు. "నీ మొగుణ్ణి తొందరగా కట్టమను. కట్టలు వదులుగా, చిన్నవిగా. బిగిస్తే వాణ్ణి నేనే కడతాను."

పన్నెండు నుంచి ఐదుదాకా ఏం జరిగిందో నాకు ముక్కలుగానే గుర్తుంది. లూసియాన్ ముందు కడుతుంటే, నేను వెనక బండ్లు మార్చి మార్చి ఓరిన్ కొట్టానికి తోలాను. అల్లం, వెనిగరు, బెల్లంపాకం కలిపిన నీళ్ళ జాడీ బండి మీదే ఉంది, ఆగి తాగింది లేదు. ముంజేతుల నిండా గడ్డి గీరలు, చెమట తగిలి మంట. ప్రతి మలుపులోనూ మబ్బుకేసి చూశాను. అది పడమటి కొండ దిగింది, తర్వాత చర్చి గోపురాన్ని మింగింది. ప్లాస్టిక్ చుట్టడం ముందే ముగించుకున్న కింది కుటుంబాలవాళ్ళు ట్రాక్టర్లతో వచ్చారు. ఎవరూ పిలవలేదు. చూసి వచ్చారు. చూడటం ఆ ఒక్క రోజు పనికొచ్చింది.

కొట్టంలో ఓరిన్ కర్ర పట్టుకుని నిలబడి చోటు చూపించాడు. "పక్కకి తిప్పు, పక్కకి. చెయ్యి దూరేంత సందు ఉండాలి. అది బెర్తా గాడి, అక్కడ చోటెక్కువ, ఇంకో రెండు పడతాయి. లావుగా ఉండేది." కాసేపటికి: "ఆ మూల వద్దు. అక్కడ కారుతుంది. మార్గీ ఎప్పుడూ తడిసి ఉండేది." పేర్లు చెబుతున్నాడని ఆయనకి తెలుసో లేదో. మేం ఎవరం తలెత్తలేదు.

ఆఖరి బండి తలుపు దాటకముందే జల్లు అందుకుంది. పదకొండు వందల పైచిలుకు కట్టలకి ఓ అరవై తడిశాయి. బయట ఓరిన్ గడ్డి మొత్తం వానకి నల్లబడుతుంటే ఆయన ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు.

లూసియాన్ ఆయన ముందుకొచ్చి టోపీ తీశాడు. "ఓరిన్, నేను..."

"నాకు చెప్పకు. ఆవిడకి చెప్పు."

లూసియాన్ నాకేమీ చెప్పలేదు. ఆ జాడీ తెచ్చి ముందు నాకిచ్చాడు. మా ఇంట్లో దానర్థం నాకు తెలుసు.

పని అక్కడితో అవలేదు. తడిగడ్డి ఉడుకుతుందా ఊరుకుంటుందా తేలడానికి రోజులు పడతాయి. ఓరిన్ ఇనప చువ్వలు తెచ్చి కట్టల మధ్య దిగేశాడు. పూటకోసారి లాగి పట్టుకోవాలి. చెయ్యి నిలవనంత కాలితే కట్టలన్నీ లాగి బయట పడెయ్యాలి, వానైనా సరే. మొదటి రోజు గోరువెచ్చన. రెండో రోజు వెచ్చన. మూడో రోజు చువ్వ పట్టుకుంటే నాలో ఆ తొమ్మిదేళ్ళ పిల్ల లేచి నిలబడింది.

"బాగా వేడిగా ఉంది," అన్నాను.

లూసియాన్ వెంటనే ఓరిన్ ముఖంలోకి చూశాడు. అలవాటు. ఓరిన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, కావాలనే.

"నన్ను చూడకు," అన్నాడు. "చువ్వ ఎవరి చేతిలో ఉంది?"

లూసియాన్ నావైపు తిరిగాడు. "కోలెట్. లాగేద్దామా?"

బయట జల్లు పడుతోంది. లాగితే తడుస్తాయి, వదిలితే కాలొచ్చు. చువ్వని మళ్ళీ పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టాను. ఇరవై దాటినా చెయ్యి నిలిచింది. మా నాన్న ఒక్కసారైనా ఇలా పట్టుకుని చూసి ఉంటే అనిపించింది.

"వద్దు. ఫ్యాన్లు ఆపొద్దు. ఆ మధ్య వరస ఒక్కటీ విడదీసి ఎడం చేద్దాం. మిగతావి ఉండనీ."

మధ్య వరస విడదీశాం. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఐదో రోజు పొద్దున చువ్వ లాగితే చల్లగా వచ్చింది. చెంపకి ఆనించుకుని అక్కడే, బెర్తా గాడిలో కూర్చుని ఏడ్చాను.

ఆగస్టులో రెండో కోత వేళకి గడ్డి మళ్ళీ ఎదిగింది. ఓ ఉదయం కాఫీ తాగుతూ లూసియాన్ కిటికీవైపు చూడబోయి, ఆగి, కుర్చీ నావైపు తిప్పుకున్నాడు.

"ఏమంటావు? ఎప్పుడు కోద్దాం?"

నేను జవాబు చెప్పేలోపే వసారాలో కర్ర చప్పుడైంది. ఓరిన్. కొండ దిగి మా ఇంటికి రావడం అదే మొదలు.

"పైచేను మీరే కోసుకోండి ఈసారి," అన్నాడు గుమ్మంలో నిలబడి. "ఎప్పుడు కోస్తారో అడుగుదామని వచ్చా."