పిట్టల కాపలా

నాకు కుదురు లేదని కర్నూల్లో నన్నెరిగిన వాళ్లంతా అంటారు. అది శుద్ధ అబద్ధం. ఎదురుగా గోడ లేకుండా చూడండి, పొద్దు పొడిచినప్పట్నుంచి పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చుంటాను.

కానీ పట్నంలో గోడ లేని పని ఎవరిస్తారు? పెళ్లయి వచ్చాక మొదట బట్టల కొట్లో చేరాను. చీర పరిచి చూపిస్తూనే ఉండేదాన్ని, చూపు మాత్రం వచ్చినావిడ తలమీదుగా వీధి చివరికి పోయేది. ఈ యశోద మా మొహం చూసి మాట్లాడదని ఒకావిడ గొడవ చేసింది. ఆ తర్వాత జిరాక్సు కొట్టు. కాగితాలు తిరగేసి పెట్టి, తెల్లవి తీసి ఇచ్చేదాన్ని. యజమాని మంచివాడే, రేపట్నుంచి రావద్దని చెప్పడానికి టీ తెప్పించాడు. మా ఆయన వీరభద్ర ఆటో నడుపుతాడు. నిన్ను ఆటో టాపు మీద కూర్చోబెడితే గానీ లాభం లేదని నవ్వేవాడు. ఆయన నవ్వితే నేనూ నవ్వేదాన్ని, ఆపైన వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. ఏ పనికీ పనికిరానిదాన్నని నాకే నమ్మకం కుదిరిపోయింది.

చిన్నప్పుడు ఇట్లా ఉండేది కాదు. నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో, జొన్న కంకి పాలు పోసుకునే వేళకి మా నాయన పుల్లన్న చేలో మంచె వేసేవాడు. నాలుగు గుంజలు, పైన కట్టెలు, వాటిమీద గడ్డి. అదెక్కితే నేనే దొరసానిని. చేతిలో రాళ్లు విసిరే వడిసెల, గొంతులో కేక. ఆకాశం అంచున మచ్చ కనబడితే చాలు, గోరింకలో చిలకలో చెప్పేసేదాన్ని. ఒక్క కేక పెడితే పక్క చేలో పిట్టలు కూడా లేచిపోయేవి. మా యశోద మంచె మీదుంటే గింజ కూడా పోదని నాయన ఊరంతా చెప్పుకునేవాడు. మధ్యాహ్నం లేత కంకులు కాల్చి, అరచేతుల్లో నలిపి, వేడి వేడి ఊచబియ్యం నా ఒళ్లో పోసేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. ఇప్పుడా చేలల్లో మిరప వేస్తున్నారు. మంచెలు లేవు, నాయనా లేడు.

పోయిన చలికాలం, మా ఊరికి దగ్గర్లో పక్షుల కోసం వదిలిన గడ్డి బీడులో కాపలాకి మనుషులు కావాలని తెలిసింది. ఎత్తైన మంచె మీద కూర్చుని ఏ పిట్ట వచ్చిందో, కుక్కలేమైనా చొరబడ్డాయేమో చూసి చెప్పాలి.

"కూసోని సూసేదానికి జీతమిస్తారంటనే. నీ కోసమే పుట్టించినారు ఆ పని" అన్నాడు వీరభద్ర.

బీడును చూసుకునే ఆఫీసరు సుప్రజ మేడం నన్ను మంచె ఎక్కించి, దూరాన ఏం కనబడుతోందని అడిగింది. చెప్పాను. మరుసటి రోజు నుంచి రమ్మంది. కర్నూల్లో ఇల్లు ఖాళీ చేసి మా ఊళ్లోనే గది తీసుకున్నాం.

ఎండిన గడ్డి, గాలి, జింకలు, ఎటు చూసినా అడ్డం లేని నేల. ఎన్నేళ్లకో ఊపిరి ఆడింది. సాయంత్రం దిగబుద్ధయ్యేది కాదు. వీరభద్ర కింద ఆటో హారన్ కొట్టి కొట్టి విసుక్కునేవాడు.

పిట్టల్ని లెక్కపెట్టడానికి పెద్దవాళ్లు వచ్చిన రోజున నా కొంప నేనే ముంచుకున్నాను. బీడు అంచున పిట్టల కోసమే వేసిన జొన్న ఉంది. దాని పక్కన వాళ్లు తెల్లారకముందే వచ్చి, గడ్డిలో బోర్లా పడుకుని కెమెరాలు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. బారెడు పొద్దెక్కాక గులాబీ వన్నె గోరింకలు మబ్బులాగా వచ్చి కంకుల మీద వాలాయి. ఆ తర్వాత నేను నా వశంలో లేను. లేచి నిలబడి "హోయ్" అని కేక పెట్టాను. గుంపంతా లేచి ఒక చుట్టు తిరిగి కనబడకుండా పోయింది. గడ్డిలోంచి ఒక్కొక్క తలా పైకి లేచి నావైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

వాళ్లు వెళ్లాక సుప్రజ మేడం మంచె ఎక్కి వచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీ కన్ను శానా మంచిది యశోదమ్మా. కానీ ఈడ పిట్టల్ని తోలేవాళ్లు మాకు వద్దు. రేపు ఒక్కదానివే ఉండు. అవి తినిపోయేదాకా నోరు తెరవకుంటే ఈ పని నీది. తెరిస్తే ఇంకొకర్ని సూసుకుంటాం."

ఇంటికి పోయి చెబితే ఈసారి వీరభద్ర నవ్వలేదు.

మర్నాడు గోరింకలు మళ్లీ వచ్చాయి. ముందు నాలుగైదు, ఆ వెనక గుంపంతా. కంకులు బరువుకి వంగిపోతున్నాయి. గొంతులో కేక అడ్డంపడి తిరుగుతోంది. రెండు చేతులా మంచె గుంజను పట్టుకున్నాను. ఒక ఏడు నేను జ్వరంతో పడుకున్నప్పుడు ఇట్లాంటి గుంపే మా చేనును ఊడ్చేసింది. నాయన వట్టి చొప్ప కోసుకుంటూ చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పటి కోపమంతా ఇప్పుడు పొంగుకొచ్చింది. దొంగముండలని లోపల్లోపలే తిట్టుకున్నాను.

తిడుతూనే చూస్తున్నాను. ఒక పిట్టకి రెక్క కాస్త వాలిపోయి ఉంది. కంకి మీద నిలవలేక జారి, మళ్లీ ఎగిరి పట్టుకుంది. మళ్లీ జారింది. ఎంత దూరాన్నుంచి ఎగిరొచ్చిందో ఏమో. చివరికెట్లాగో కుదురుకుని తినడం మొదలుపెట్టింది. నాయన చేలో ఉన్నన్నాళ్లూ ఒక పిట్ట తింటుంటే చివరిదాకా చూడలేదు నేను. అప్పుడు మా ఆకలి తప్ప దాని ఆకలి కనబడేది కాదు. గుంజ మీద నా పట్టు ఎప్పుడు వదులైందో తెలియలేదు.

సాయంత్రం మేడం వచ్చింది. పిట్టలు వచ్చినాయా అని అడిగింది.

"వచ్చినాయి మేడం. కడుపునిండా తిని పోయినాయి" అన్నాను.

ఆ మాట అంటుంటే ఏడుపు ఆగలేదు. పని దొరికిన సంతోషం అనుకుని మేడం భుజం తట్టింది. సంతోషమూ ఉంది, లేదనను. కానీ నేను ఏడ్చింది, మా చేనంతా పిట్టలకు అప్పజెప్పినట్టనిపించి, రేపు పైకి పోయాక నాయనకి ఏ మొహం చూపించాలా అని.