వీపుల వైపు

శనివారం పొద్దుగూకే వేళకి కూర్మన్నపాలెం లేబరు కాలనీలో పొయ్యిలన్నీ త్వరగా ఆరిపోయేవి. చేపల పులుసు ఇలా దింపి, అన్నం అలా వార్చి, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు చాపలతో మైదానంలోకి బయల్దేరేవారు. మగాళ్ళు అప్పటికే తెర ముందు చేరి బీడీలు ముట్టించి ఉండేవారు. తెరంటే ఏదో అనుకోకండి, రెండు సరుగుడు గుంజల మధ్య కట్టిన తెల్లగుడ్డ. ముందు వైపు మగాళ్ళది, వెనక వైపు ఆడవాళ్ళది. ఈ పంపకం ఎవరు చేశారో ఎవరికీ గుర్తు లేదు గాని, దాన్ని మీరినవాళ్ళు లేరు.

వెనక కూర్చున్న వాళ్ళకి వీపులు కనబడేవి. మరి వెనక కూర్చుంటే వీపులు కాక ఇంకేం కనబడతాయి? తెర మీద మనిషి మగాళ్ళ వైపు తిరిగి నవ్వుతుంటే, ఆడవాళ్ళు అతని చొక్కా వీపుకి ఎంత తడిసి అంటుకుందో చూసేవారు. అతను దండం పెడితే వీళ్ళకి మోచేతులు కనబడేవి. ఇంటికెళ్ళే దారిలో మొగుడూ పెళ్ళాలూ చెరి సగం చెప్పుకుంటే గాని ఏ సినిమా అయినా పూర్తయ్యేది కాదు. తాము కూర్చునే చోటికి ఆడవాళ్ళు వీపుల వైపు అని పేరు పెట్టుకున్నారు.

అది ఎనభై మూడో ఏడు. స్టీలు ప్లాంటు కోసం గుట్టలు తవ్వి పల్లాలు పూడుస్తున్నారు. పొద్దున్న లేస్తే ఎర్రటి దుమ్ము, టిప్పర్ల హారన్లు, మళ్ళీ దుమ్ము. మట్టి కాంట్రాక్టరు దగ్గర రమణమూర్తి అని ఒక సేఫ్టీ ఆఫీసరు ఉండేవాడు. టిప్పర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పరిగెడుతుంటే పాపం ఆ మనిషికి అన్నం సహించేది కాదు. డ్రైవర్లకి భయం చెప్పాలని వన్ టౌన్ వెళ్ళాడు. ఓడల వాళ్ళు వదిలేసిన సామాన్లు అమ్మే షాపులో వెతికి వెతికి ఒక డాక్యుమెంటరీ పట్టుకొచ్చాడు. వెనకటి మోటారు రేసుల మీద తీసిన నలుపు తెలుపు బొమ్మ. మాటలన్నీ ఇంగ్లీషు. ప్రొజెక్టరు ఆయనే తిప్పుతూ, మైకులో తెలుగు కూడా ఆయనే చెప్పేవాడు.

ఆ రోజుల్లో దొరల దేశాల్లో రేసులంటే ప్రాణాలతో చెలగాటమే. బెల్టు లేదు. తలకి తోలు టోపీ, కళ్ళకి అద్దాలు, అంతే. రోడ్డు చెట్ల పక్కనుంచి, ఇళ్ళ మధ్యనుంచి పోయేది. మలుపుల్లో అడ్డం ఏదయ్యా అంటే గడ్డిమోపులు. జనం రోడ్డు అంచునే నిలబడి, దూసుకుపోయే కార్లని తాకబోయేవారు. పందెం మొదట్లో డ్రైవర్లు రోడ్డుకి ఒక పక్క వరసగా నిలబడేవారు. జెండా దిగగానే పరిగెత్తుకెళ్ళి అవతలి పక్కనున్న కార్లలోకి దూకేవారు. ఆఖరికి పెద్ద మలుపులో తొమ్మిదో నెంబరు కారు గడ్డిమోపులు చీల్చుకుని పల్టీలు కొట్టి కాలిపోయేది. "చూశారా, వేగం ఏం చేసిందో" అని రమణమూర్తి గొంతు బొంగురుపోయేలా చెప్పేవాడు.

చూశారు. చూసి డ్రైవర్లు నేర్చుకున్నదల్లా ఆ మలుపులో మిగిలిన వాళ్ళు స్టీరింగు ఎలా తిప్పారన్నది. మర్నాటి నుంచి టిప్పర్లు ఇంకా జోరుగా పోయాయి. ఒకడు స్కూటరు వాళ్ళ కళ్ళద్దాలు కూడా కొనుక్కున్నాడు. మందు వికటించిందని తెలిసినా రమణమూర్తి ఆ రీలు మానలేదు. ఇంకో నాలుగుసార్లు చూస్తే బుద్ధొస్తుందని ఆయన ఆశ.

అందరికంటే ఎక్కువ వికటించింది ఎల్లారావుకి. వాళ్ళది సముద్రం మీద బతికిన కుటుంబం. అతని చిన్నతనంలోనే అయ్య తెప్పేసుకుని వేటకెళ్ళి తిరిగి రాలేదు. తెప్పని నీళ్ళలోకి తోస్తున్న అయ్య వీపు ఒక్కటే అతనికి గుర్తు. పిలవబోతే అమ్మ నోరు మూసేసింది. బయల్దేరే మనిషిని వెనకనుంచి పిలవకూడదు, పిలిస్తే కీడు. ఒకవేళ ఎవరైనా నోరు జారి పిలిచారా, ఆ మనిషి వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మరీ కదలాలి. ఇది అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే, సముద్రం వాళ్ళ ఇళ్ళలో మరీ గట్టిది.

పెద్దయ్యాక ఎల్లారావు తెప్ప జోలికి పోకుండా టిప్పరెక్కాడు. ఎక్కాడే గాని, అతనిలో ఏదీ కుదురుగా ఉండేది కాదు. అన్నం తింటూ కూడా క్లచ్చి తొక్కుతున్నట్టు ఎడమకాలితో నేలని తన్నేవాడు. కాలనీ నుంచి గుట్టకి పోయే దారిలో వాన నీళ్ళు పారే గెడ్డ ఒకటి ఉంది. దాని మీద కాంట్రాక్టరు తూములు పరిచి, మట్టి పోసి కల్వర్టు అనిపించాడు. ఒక్క బండే పడుతుంది. పొద్దున్నే దాన్ని మొదట ఎవడు దాటితే ఆ రోజంతా వాడే మొనగాడు. రోజూ ఎల్లారావే దాటేవాడు. అతను రాకముందు మిగిలిన వాళ్ళు బళ్ళు కదిపేవారు కూడా కాదు. అతను లేకుండా గెలిస్తే అదేం గెలుపు?

అతని పెళ్ళాం గురువమ్మ మేనత్త కూతురు. మొగుణ్ణి మావా అంటుంది. సాయంత్రం అతని హారన్ వినబడేదాకా ఆమెకి ఏ పని మీదా మనసు నిలిచేది కాదు. కడిగిన గిన్నె మళ్ళీ కడిగేది. ఊడ్చిన గుమ్మం మళ్ళీ ఊడ్చేది. ఒక శనివారం సినిమా అయ్యాక అన్నం పెడుతూ మనసులో మాట బయటపెట్టింది.

"ఆ తొమ్మిదో కారోడికి బయ్యంగా ఉంది మావా. సెయ్యి ఎనక్కి పెట్టుకున్నాడు. ఒణికిపోతంది."

ఎల్లారావు నవ్వాడు. "ఆడు నవ్వుతన్నాడే. ముందునుంచి సూసినోలకి తెలుత్తాది."

"నవ్వు మీకు సూపిత్తన్నాడు. సెయ్యి మాకు సూపిత్తన్నాడు."

అతను అన్నం కలుపుకుంటున్నాడు. కాలు మాత్రం నేలని తంతూనే ఉంది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. పక్కింటి వరహాలమ్మ మొగుడు దాలయ్యకి మెడ వెనక చిన్నప్పుడు కాలిన మచ్చ ఉండేది. వేసవిలో ఒక శనివారం రీలు నడుస్తుంటే, తొమ్మిదో నెంబరు డ్రైవరు మెడ మీద ఆ మచ్చ కనబడింది. ముందు వైపు మగాళ్ళకి కనబడింది ఎప్పటి తెల్లదొరే. వీపుల వైపు మాత్రం దాలయ్య మెడే. ఆడవాళ్ళందరూ చూశారు, ఎవరూ పైకి అనలేదు. సోమవారం దాలయ్య పనికి బయల్దేరుతుంటే వరహాలమ్మకి పిలుపు గొంతు దాకా వచ్చింది. వెనకనుంచి పిలవకూడదని మింగేసింది. కల్వర్టు దగ్గర రెండు బళ్ళు పోటీ పడ్డాయి. దాలయ్య బండి గెడ్డలోకి పల్టీ కొట్టింది. మనిషి దక్కలేదు.

ఆ పొద్దున్న కల్వర్టు మొదట దాటింది ఎల్లారావే. ఆ తర్వాత ఇంకా వేగంగా తోలాడు. వెనక ఎవరో తరుముకొస్తున్నట్టే ఉండేది ఆ తోలడం. వరహాలమ్మ ఎవర్నీ నిందించలేదు. శనివారాలు మానలేదు. అదే చాప, అదే చోటు.

వానలు పడ్డాక ఒక రోజు టిప్పరు తలుపుకి తగులుకుని ఎల్లారావు ఖాకీ చొక్కా వెనక భుజం దగ్గర చిరిగింది. ఇంట్లో ఖాకీ ముక్క లేదు. గురువమ్మ తన పాత జాకెట్టులోంచి మామిడి పిందెల అచ్చున్న చిలకపచ్చ ముక్క కత్తిరించి మాసిక వేసింది. దీపం వెలుగులో కుట్టిందేమో, ఒక పక్క వంకర పోయింది. తోటి డ్రైవర్లు "బావ భుజం మీద మామిడితోట కాసిందిరా" అని వేళాకోళమాడారు. అతనికి అవేం పట్టలేదు. వీపు తనకెలాగూ కనబడదు.

ఆ వారం శనివారం రీలు మొదలైంది. డ్రైవర్లు రోడ్డు పక్కన వరసగా నిలబడ్డారు. కొందరు సిగరెట్లు కాలుస్తున్నారు. ఒకడు చేతి తొడుగులు సర్దుకుంటున్నాడు. గురువమ్మ కళ్ళు అలవాటు కొద్దీ తొమ్మిదో నెంబరు వాడి వీపు మీదికి పోయాయి. భుజం దగ్గర వంకర కుట్టు. మామిడి పిందెలు. చిలకపచ్చ. నలుపు తెలుపు బొమ్మలో పచ్చరంగు ఎలా తెలిసిందని అడక్కండి, కుట్టిన చేతికి తెలుస్తుంది.

పక్కన కూర్చున్న వరహాలమ్మ కూడా తెర వైపే చూస్తోంది.

"ఆ మాసిక నువ్వేసిందే కదేటే, గురువమ్మా?"

గురువమ్మ తలూపింది.

"పిలు."

"ఎల్లీ మనిసిని ఎలగ పిలుత్తాను?"

వరహాలమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. "నాను పిలవనేదు" అంది.

అవతల రమణమూర్తి మైకులో జెండా దిగబోతోందని చెబుతున్నాడు. జెండా దిగింది. డ్రైవర్లు పరుగందుకున్నారు. గురువమ్మ లేచి నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక బయల్దేరే మనిషిని ఒక్కసారి కూడా పిలవని ఆడది, గుండెలో ఉన్న భయమంతా పెట్టి పిలిచింది.

"మావా!"

తెర ముందున్న మగాళ్ళలో సగం మంది తమనే అనుకుని తలలెత్తారు. తెర మీద తొమ్మిదో నెంబరు వాడు రోడ్డు మధ్యలో ఆగాడు. ఆగి, వెనక్కి తిరిగాడు. ఆడవాళ్ళకి మొదటిసారి అతని ముఖం కనబడింది. అది దొర ముఖమా ఎల్లారావు ముఖమా అంటే చెప్పడం కష్టం. బయల్దేరేటప్పుడు ఏటే ఈ పిలుపు అని విసుక్కునే మొగుడి ముఖం, అంతే. మిగిలిన కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. అతను నెమ్మదిగా నడిచి వచ్చి ఒక గడ్డిమోపు మీద కూర్చున్నాడు. ఎవరో గ్లాసు అందించారు. తాగాడు.

అతను అటు తిరగ్గానే ముందు వైపు మగాళ్ళకి వీపు కనబడింది. మొదటి వరసలో కూర్చున్న ఎల్లారావు, భుజం మీద మామిడి పిందెల మాసిక చూశాడు. తన వీపు తను చూసుకున్న మనిషి ఎవడుంటాడు? అతను చూశాడు. ఆ వీపు కొద్దిగా ముందుకి వంగి ఉంది. మెడ కింద ఎముక పొడుచుకొచ్చింది. అచ్చం తెప్ప తోస్తున్న అయ్య వీపు. నేలని తన్నే అతని ఎడమకాలు ఆగిపోయింది.

కార్లు పెద్ద మలుపు దాటాయి. గడ్డిమోపులు ఉన్నచోటే ఉన్నాయి. ఏదీ కాలలేదు. రమణమూర్తి ప్రొజెక్టరు ఆపి, మైకులో "సరే, జాగ్రత్తగా ఇళ్ళకెళ్ళండి" అన్నాడు. జనం చాపలు చుట్టుకున్నారు.

ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఎల్లారావు అడిగాడు.

"నా సొక్కా ఎనకాల అంత పెద్ద మాసిక ఏసావేటే?"

"సిరుగు అంతుంది మరి" అంది గురువమ్మ.

ఆదివారమంతా వాన. గెడ్డ పొంగింది. సోమవారం పొద్దున్న తెరిపిచ్చింది. ఎల్లారావు అదే చొక్కా వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుని, తుండు తలకి చుట్టుకుని వీధిలోకి దిగాడు. రోడ్డు మీద బళ్ళన్నీ ఇంజన్లు స్టార్టు చేసుకుని అతని కోసం హారన్లు కొడుతున్నాయి. అతను నాలుగు అడుగులు వేశాడు.

"మావా" అంది గురువమ్మ. ఈసారి గట్టిగా అనలేదు. కాని వీధి వీధంతా వింది. ఎదురింటి ముసలమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

ఎల్లారావు ఆగాడు. ఒక్క క్షణం అటే తిరిగి ఉన్నాడు. వంకర కుట్టు కదలకుండా ఉంది. తర్వాత అతను వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె కుండలోంచి నీళ్ళు ముంచి గ్లాసు ఇచ్చింది. అతను తొందర లేకుండా తాగడం మొదలుపెట్టాడు.

"బావా, వత్తావా రావా?" అని రోడ్డు మీంచి ఎవరో కేకేశారు.

"వత్తాను. నీల్లు తాగుతన్నాను" అన్నాడు.

గ్లాసు ఇంకా సగం ఉండగానే గెడ్డ వైపునుంచి పెద్ద చప్పుడైంది. రాత్రంతా నీళ్ళు కోసేసిన కల్వర్టు, తూములతో సహా కూలి గెడ్డలో కలిసిపోయింది. దాని మీద ఒక్క బండీ లేదు. రోడ్డు మీద ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎల్లారావు మిగిలిన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. అతని చెయ్యి వణుకుతోంది. దాన్ని వెనక్కి దాచుకోలేదు, పెళ్ళాం చూస్తుండగా ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

చప్పుడు విని వరహాలమ్మ తన గుమ్మంలోకి వచ్చింది. అరుగు మీదున్న మనిషిని చూసింది. ఖాళీ గ్లాసు చూసింది. గుమ్మంలోనే కూలబడింది.

"పిలుత్తే ఆగుతారే" అంది.

గురువమ్మ కుండలోంచి ఇంకో గ్లాసు నీళ్ళు ముంచుకుని వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.