సారు వేటకెళ్లిన పాఠం

ఉదయ్ భాస్కర్ సారుకు సొంతూరు మధిర మీద ఉన్నంత ప్రేమ తన మీద ఉందా లేదా అని భార్య నాగలతకు అనుమానం. ఆవిడా, మధిరా ఒకే చోట ఉండబట్టి ఆ సంగతి తేలలేదు. సారేమో చర్ల అవతల అడవి పల్లెలో ఆశ్రమ పాఠశాల తెలుగు పంతులు. "పేరుకే చర్ల, నాకిది చెర" అని ఏళ్ల తరబడి స్టాఫ్‌రూములో అంటున్నాడు. మొదట్లో నవ్వారు. తర్వాత ముక్కుతో నవ్వారు. ఇప్పుడు ఆయన 'పేరుకే' అనగానే ఎవరో ఒకరు లేచి ఫ్యాను స్పీడు పెంచుతున్నారు.

అలాంటి సారుకు ఇన్నాళ్లకు వరం దొరికింది. పై అధికారి జయప్రకాశ్ గారు ఫోన్ చేసి, "శుక్రవారం వచ్చి మీ పాఠం చూస్త. పిల్లలు మంచిగ చెప్పిన్రంటే మధిర డిప్యుటేషన్ మీద సంతకం పెడ్త" అన్నారు.

"మీ నోరే మీకు శత్రువు. ఆ ఒక్క రోజూ జోకులెయ్యకండి" అని నాగలత ఫోన్లోనే చేతులు జోడించి మాట తీసుకుంది.

పాఠం పేరు 'రచయిత మనిషిని, సంఘటనని, భావాన్ని కథలో ఎలా పెంచుతాడు'. సారు వారం పాటు పిల్లలతో ఒక కథను బట్టీ పట్టించాడు. శుక్రవారం జయప్రకాశ్ గారు వెనక బెంచీలో సర్దుకుని కూర్చోగానే మొదలెట్టాడు.

"పాత్ర అంటే ఏంటర్రా? వంటపాత్ర లాంటిదే. రచయిత తోమాలి. మాటతో తోమాలి, పనితో తోమాలి, పక్కవాళ్ల నోటితో తోమించాలి. అప్పుడే మెరుస్తుంది. ఇక భావం! భావం లేని కథ, బావ లేని పెళ్లి. జరుగుతుంది గానీ సరసం ఉండదు."

నాగలతకిచ్చిన మాట అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. పిల్లలు నవ్వలేదు. వాళ్లకు ఫ్యాను రెగ్యులేటరు అందదు.

తర్వాత బట్టీ కథ గడగడా పారింది. జయప్రకాశ్ గారు ఆవులించి, "ఇది ముందుగాల్నే పట్టించిన్రు గద సార్? వాళ్లకు తెల్సిన మనిషి మీద కొత్త కథ చెప్పుమనుండ్రి" అన్నారు.

సారు పిల్లల వైపు తిరిగాడు. "ఎవరి మీద చెప్తారర్రా?"

"మీ మీదనే సార్!" అంది క్లాసంతా.

సారు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పొగిడించుకోవడానికి వీలుగా చొక్కా సర్దుకున్నాడు. ముందు బెంచీ పూలి లేచింది.

"మా సార్ ఉన్నడు. ఎప్పుడు జూసినా మధిర పోత, మధిర పోత అంటడు."

"అవ్, మనిషి దొరికిండు," అన్నారు జయప్రకాశ్ గారు. "మరి సంఘటన?"

"విత్తనాల పండుగది చెప్పాలె!" అని అరిచాడు రాజేష్.

సారు చొక్కా సర్దుకోవడం ఆపేశాడు. ఆ ఊళ్లో విత్తనాల పండుగకు మగవాళ్లు వేటకు బయల్దేరతారు. ఈ రోజుల్లో వేట పేరుకే, అడవిలో తిరిగి రావడమే. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వాళ్లను ఆడవాళ్లు పేడనీళ్లతో తడిపి ఆటపట్టించడం మాత్రం పేరుకు కాదు. పోయిన వేసవిలో సెలవుల డ్యూటీ పడి సారు కూడా ఊళ్లోనే ఉన్నాడు.

"అది వద్దురా, వేరేది..."

"ఆగుండ్రి సార్, చెప్పనియ్యండి." జయప్రకాశ్ గారి ఆవులింత ఎటో పోయింది.

"ముందుగాల మాట," అంది పూలి. "సార్ ఏమన్నడంటే, 'నా తెల్లచొక్కా మీద ఒక్క చుక్క వెయ్యండి చూస్తా' అన్నడు."

"తర్వాత పని," రాజేష్ అందుకున్నాడు. "అందరు అడవికి పోతే సార్ బండేసుకొని చర్ల పోయిండు. ఎనకకు వాగు పక్క పొదల్లకెల్లి వచ్చిండు. చేతుల నల్ల కవరు."

"కవర్ల ఏముండె?"

"కోడి సార్. స్కిన్‌లెస్!"

జయప్రకాశ్ గారు బల్ల పట్టుకున్నారు. సారు పైకప్పు రేకులు చూస్తున్నాడు.

"ఇగ పక్కోళ్ల నోరు," మళ్లీ పూలి అందుకుంది. "బళ్లె వంట చేస్తది గద, రామక్క. కవరు ఇప్పి జూసి, 'ఏంది సార్, ఈ కోడి అడవిల బట్టల్లేకుంటనే తిరుగుతుండెనా?' అన్నది. సార్ ఏమన్నడంటే, 'ఎండకు ఉక్కబోసి విప్పేసింది రామక్కా' అన్నడు."

"మరి?"

"అందరికి చెంబుడు నీళ్లు సార్. సారుకు బిందె."

క్లాసు పగలబడింది. జయప్రకాశ్ గారు కళ్లు తుడుచుకుని, "దీంట్ల భావమేంది బిడ్డా?" అన్నారు.

'మోసం తగదు' అంటుందేమో, అంటే బాగుండు అనుకున్నాడు సారు. పూలి వేళ్లు మడుస్తూ చెప్పింది.

"తడిసినంక సార్ కోప్పడలే. గా చొక్కాతోనే మా నడుమ కూసొని తిన్నడు. గా కోడినే రామక్క వండింది. ముందు ఊళ్లె మధిర సార్ అంటుండె. గప్పటిసంది మన సార్ అంటున్నరు. భావం ఏందంటే, పోత పోత అనేటోడు పోలేడు."

జయప్రకాశ్ గారు కాయితం తీసి బల్ల మీద పెట్టారు. "గింత మంచిగ నేర్పినంక మాట తప్పను సార్. సంతకం పెడ్త."

"మరి మేం చెప్పిన భావం తప్పయితది గద సార్?" అంది పూలి. "కొట్టేసి వేరేది చెప్పాలెనా?"

సారుకు ఒక చమత్కారం నోటిదాకా వచ్చింది. పుట్టిన ఇన్నేళ్లలో మొదటిసారి దాన్ని మింగేశాడు.

"కొట్టెయ్యొద్దు," అన్నాడు. అధికారి వైపు తిరగకుండానే, "ఈ ఏడాదికి ఆపండి సార్. పిల్లలు బాగా చెప్పారు, వాళ్ల కథ నేను చెడగొట్టలేను."

సాయంత్రం సిగ్నలు దొరికే గుట్ట ఎక్కి నాగలతకు ఫోన్ చేశాడు.

"పాఠం ఎలా జరిగిందండీ?"

"బ్రహ్మాండం."

"సంతకం?"

"పెడతానన్నారు. నేనే వద్దన్నా."

సిగ్నలు పోయిందేమోనని సారు రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు. పోలేదు.

"ఎవరు చెప్తే వద్దన్నారు?"

"పూలి అని, ఏడో తరగతి."

"సరే," అంది నాగలత. "ఆదివారం బస్సుకి నేనే వస్తున్నా. మీతో మాట్లాడేదేం లేదు. ఆ పిల్లని ఉండమనండి."