పిల్ల గుండెలోకి వెళ్లిన దెబ్బలు

అన్యాయం జరిగింది ఆరేళ్ల పిల్లకి. మొదలైంది అది పుట్టిన పదకొండో రోజున, పొద్దున తొమ్మిదింటికి, టీ చల్లారిందన్న నేరానికి.

పిల్ల తండ్రి డ్రిల్లు మాస్టారు. పెళ్లాం చెంప ఛెళ్లుమనిపించాడు. చెంప కందలేదు. ఉయ్యాల్లో పిల్ల కెవ్వుమంది. దాని గుండె పైగదుల మధ్య గోడకి పుట్టుకతోనే ఓ చిల్లుంది. దెబ్బ వెళ్లి అక్కడ పడింది. చిల్లు ఇంకాస్త చిరిగింది.

ఇక రోజూ అదే వరస. ఆయన బూట్లు తుడుచుకుని, విజిలు మెళ్లో వేసుకుని, బడికి బయల్దేరేముందు బెల్టో గరిటో ఏది అందితే దానితో పెళ్లాన్ని బాదేవాడు. ఆవిడ ఒంటిమీద గీత పడేది కాదు. పిల్ల నాలుగు మెట్లెక్కితే కుక్కపిల్లలా రొప్పేది.

"గీతైనా లేదు, ఏడుపెందుకే?" అనేది అత్తగారు. "మా రోజుల్లో ఎక్కడ కొడితే అక్కడే తగిలేది."

తల్లి పిల్లని చెల్లెలింట్లో ఉంచి చూసింది. మూడు గంటల దూరం. దెబ్బలు బస్సెక్కకుండానే చేరాయి.

"ఇరవై రెండు మిల్లీమీటర్లు," అంది గుండె డాక్టరమ్మ స్కాను చూసి. "ఒక పక్క అంచు పల్చబడిపోయింది. ఇంకో నాలుగు గట్టి దెబ్బలు పడితే గొడుగు నిలవదు. ఛాతీ కోయాల్సిందే."

గొడుగంటే ముడుచుకునే తీగల అల్లిక. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టంలో గుండె దాకా పంపుతారు. చిల్లుకి అటొక రేకు, ఇటొక రేకు విచ్చుకుని మూసేస్తుంది.

నర్సు చీటీ రాసిచ్చింది: ఆరు గంటల ముందునుంచి తిండి పెట్టకూడదు. దగ్గు, జ్వరం ఉంటే చెప్పాలి. ఆ రోజు ఎవరూ చెయ్యి చేసుకోకూడదు.

"నేనేమన్నా రాక్షసుణ్ణా?" అన్నాడు మాస్టారు, చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

ఆ రోజు పిల్లని లోపలికి తీసుకెళ్లాక ఫైలు తిరగేశాడు.

"ఒప్పుకోలు మీద నీ సంతకమా? నన్నడగవా?"

"మీరు టీకి వెళ్లారు. వాళ్లు తొందరపెట్టారు."

"నోరు లేస్తోందే!"

వరండాలో పదిమంది చూస్తుండగా పిడికిలితో గుద్దాడు.

లోపల అప్పుడే గొడుగు విచ్చుకుంది. ఇంకా తీగకే ఉంది. వదిలేముందు లాగి, తోసి, నిలుస్తుందో లేదో చూడటం అక్కడి పద్ధతి. డాక్టరమ్మ ఇంకా లాగలేదు. తీగ ఆవిడ చేతిలో గింజుకుంది.

"ఊడిపోతోంది మేడమ్!" అన్నాడు సహాయకుడు. "బయటికెళ్లి ఆపమంటారా?"

డాక్టరమ్మ తెర మీంచి కళ్లు తిప్పలేదు. పల్చటి అంచు వంగింది, చిరగలేదు. "ఉండు. నేను లాగాల్సింది ఆయన లాగుతున్నాడు. ఇంతకంటే గట్టిగా నా చేతనవదు."

బయట తల్లి, గుద్దిన ఆ చేతిని పళ్లతో పట్టుకుంది. రక్తం వచ్చేదాకా వదల్లేదు. ఆయన జుట్టు పట్టి ఆవిడ తలని గోడకేసి కొట్టాడు. తెర మీద గొడుగు పక్కకి ఒరిగింది. డొక్కలో తన్నాడు. ఒరిగి, మళ్లీ సర్దుకుని, రెండు రేకులతో గోడని కరిచి పట్టుకుంది.

"నిలిచింది," అని డాక్టరమ్మ తీగని ఎడమకి తిప్పి వదిలేసింది.

మాస్టారు నాలుగో దెబ్బకి మళ్లీ పిడికిలి విసిరాడు. దెబ్బకి వెళ్లే దారి లేదు. వచ్చిన దారినే వెనక్కి మళ్లింది. మణికట్టు, మోచెయ్యి, భుజం వరసగా ఫటఫటమన్నాయి. మనిషి బెంచీ మీదుగా పల్టీకొట్టి, ముఖం నేలకి కొట్టుకుని, రెండు పళ్లు ఉమ్మాడు.

"లేపవే," అని మూలిగాడు.

ఆవిడ ఆయన్ని దాటుకుని పిల్ల దగ్గరికి వెళ్లింది.

పిల్ల కళ్లు తెరిచాక ఎముకల వార్డు గుమాస్తా రిజిస్టరు పట్టుకొచ్చాడు. "మెట్లమీంచి పడ్డారని రాయమంటున్నారమ్మా మీవారు."

"ఆ వరండాలో మెట్లున్నాయా బాబూ?"

"లేవు."

"అయితే జరిగింది రాయండి."

గుమాస్తా రాశాడు: భార్యని కొడుతుండగా కుడిచెయ్యి మూడుచోట్ల విరిగింది. మార్చి పద్నాలుగు, మంగళవారం, పగలు పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు.