మరిడమ్మ ఫొటో కింద మాటలు

విజయనగరంలో కన్యాకుమారి పనిచేసే కాలేజీ డిజిటల్ లైబ్రరీకి ఆ ఏడు కొత్తగా తెలివి పుట్టుకొచ్చింది. అదివరకు పుస్తకం పేరు పొల్లుపోకుండా కొడితేగాని దొరికేది కాదు. ఇప్పుడు ఫోన్ ఉన్న ఎవరైనా సరే, పుస్తకానికో ఫొటోకో తమకు తోచిన మాట తగిలించవచ్చు. ఎక్కువమంది ఏ మాటల్ని కలిపి రాస్తే ఆ మాటలు చుట్టాలని మిషను నమ్ముతుంది. నలుగురి నోళ్ళలో పడితే ఏమవుతుందో పాపం దానికేం తెలుసు!

కన్యాకుమారి మురిసిపోయి, జాలర్ల బతుకుల విభాగంలో తన తల్లి ఫొటో పెట్టి కింద పేరు కూడా రాసింది. తమ ఊరు భావనపాడు ఒడ్డున జుట్టు విరబోసుకుని, గుప్పెళ్ళతో ఇసుక విసురుతూ సముద్రాన్ని తిడుతున్న మరిడమ్మ. వేటకెళ్ళిన మొగుడు తిరిగిరాని రోజున ఎవరో పత్రికవాళ్ళు తీశారు. జాలరి ఇళ్ళ ఆడవాళ్ళు సముద్రాన్ని గంగమ్మతల్లి అనే కొలుస్తారు, కడుపు మండితే అలాగే నిలదీస్తారు.

వారం తిరక్కుండా ఎవడో ఆకతాయి దానికి ‘పిచ్చి’ అని తగిలించాడు. మరో పదిమంది సరదాపడ్డారు. ఇక సైకాలజీ పిల్లలు ఆ మాట కొట్టినప్పుడల్లా పుస్తకాలకంటే ముందు మరిడమ్మే ప్రత్యక్షం. అది చూసి కన్యాకుమారి ఫొటో తీసేసింది గాని, అప్పటికే అది మిగతా కాలేజీల లైబ్రరీలకి పాకిపోయింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోన్ చేస్తే, "జనం రాసింది మేం చెరపలేం మేడమ్, ఎక్కువమంది ఏదంటే అదే" అన్నారు.

ఉండబట్టలేక, అక్కని ‘అప్పా’ అని పిలిచే తమ్ముడు ఎర్రన్నకి ఫోన్ చేసి ఏడ్చింది.

"ఏడవకప్పా. ఎక్కువమందే కదా కావాల? నాను సూసుకుంటాను."

అతను తల్లికీ చెప్పాడు, ఊరికీ చెప్పాడు. భావనపాడులో ఫోన్ ఉన్నవాళ్ళంతా మిగతా లైబ్రరీల్లో ఉన్న ఆ ఫొటో తెరిచారు. ‘మరిడమ్మకి పిచ్చి లేదు’ అని రాశారు. రాయడం రానివాళ్ళు పక్కవాళ్ళని బతిమాలి రాయించారు.

మిషనుకి కోపమూ తెలీదు, ప్రేమా తెలీదు. మరిడమ్మ, పిచ్చి, ఈ రెండిటినీ ఇంతమంది కలిపి రాశారంటే చుట్టరికం గట్టిదే అనుకుంది. సాయంత్రానికల్లా ‘మరిడమ్మ’ అని కొట్టగానే రెండో మాట తనే అందించసాగింది.

ఆపమని చెబుదామని కన్యాకుమారి ఫోన్ తీసేలోగా తల్లే చేసింది. ఎన్నాళ్ళకో ఆ గొంతులో సంతోషం.

"ఏటే కన్యా, సూసినావా? మీ నాన్న పోయినప్పుడు కూడా నా పక్కన ఇంతమంది నిలబడనేదే. పక్కూరు నౌపడ వోళ్ళు కూడా రాస్తన్నారు. ఆ మాట పోతన్నాదా?"

కన్యాకుమారి ఎదుట తెర మీద మరిడమ్మ పేరు పక్కన ఆ మాట అలాగే ఉంది.

"పోతన్నాదమ్మా."

"అయితే ఆపకండ్రా! ఇంకా రాయండి!" అని మరిడమ్మ అవతల ఎవరికో కేకేసి చెబుతోంది.